సెలూన్‌లో లేస్కా రాళ్ళు

షెవాలా పొద్దున్నే సెలూన్ షట్టరు ఎత్తి, పొయ్యి మీద కాఫీ పెట్టి, అది పొంగేలోగా చేపలకు మేత వేస్తుంది. ఆ బోస్నియా ఊళ్ళో ఆడవాళ్ళు జుట్టు కత్తిరించుకునే చోటు అదొక్కటే. అద్దం పక్కన గాజు తొట్టి. చాలా ఏళ్ళ నాటిది. అడుగున నీలం రంగు పూసిన గరుకు కంకర. మీసాల చేపలు ఆ కంకరలో తిండి వెతుక్కుని వెతుక్కుని, మీసాలన్నీ అరిగిపోయి బోడి మూతులతో తిరుగుతున్నాయి.

"పాపం, వీటికి గడ్డం గీసింది నువ్వేనా?" అంది జుట్టుకు రంగు వేయించుకుంటున్న ఫాదిలా పిన్ని.

"నవ్వకు పిన్నీ. ఈ కంకర మార్చాలి. నున్నటి రాళ్ళు కావాలి."

"నున్నటివంటే లేస్కా రాళ్ళే."

లేస్కా ఏరు ఇప్పుడు లేదు. కరెంటు తీయడానికి కంపెనీ వాళ్ళు దాన్ని కొండ మీదే గొట్టంలోకి మళ్ళించేశారు. వంతెన కింద మిగిలింది ఎండు రాళ్ళు, వాటి చుట్టూ ఇనుప కంచె. కంచెకు కాపలా షెవాలా సొంత తమ్ముడు నెజాద్. కంచె వద్దని ఊరి ఆడవాళ్ళతో కలిసి వంతెన మీద కూర్చున్న షెవాలాను పోలీసులు ఈడ్చి పారేశారు. ఆ మర్నాడే నెజాద్ కంపెనీ చొక్కా తొడుక్కున్నాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఆ మధ్యాహ్నం షెవాలా బకెట్ పట్టుకుని కంచె దూరింది.

"అక్కా, బయటికి రా. ఇది కంపెనీ స్థలం."

"అమ్మ తివాచీలు ఉతికిన స్థలంరా ఇది. పోలీసుల్ని పిలుచుకో. ఈసారి నువ్వే దగ్గరుండి ఈడ్పించు."

నెజాద్ అటు తిరిగి సిగరెట్ ముట్టించాడు.

సున్నపు రాళ్ళు చేపలకు పడవని, రాళ్ళ మీద వెనిగర్ చుక్కలు వేసి, నురగ రానివే ఏరింది షెవాలా. ఉడకబెట్టి, కడిగింది. పాత తొట్టిలో కంకర ఒక్కసారే తీసేస్తే చేపలు బతకవు. నీళ్ళను శుభ్రం చేసే కంటికి కనపడని జీవమంతా దాన్నే అంటుకుని ఉంటుంది. అందుకని ఒక మూల కంకర మాత్రం తీసి, చిరిగిన మేజోడులో మూటగట్టి తొట్టిలోనే వేలాడదీసింది, ఆ జీవం కొత్త రాళ్ళకు పాకేదాకా. ఖాళీ అయిన మూలలో లేస్కా రాళ్ళు పరిచింది.

తెల్లారేసరికి తొట్టిలో నీళ్ళు ఎడమ నుంచి కుడికి పారుతున్నాయి. ఎక్కడ మొదలై ఎటు పోతున్నాయో గానీ మట్టం మాత్రం తగ్గడంలేదు.

"మిల్లు దగ్గర లేస్కా తిరిగే వంపులా ఉంది," అంది ఫాదిలా పిన్ని, చక్కెర ముక్క కాఫీలో ముంచుతూ. "జోరు చాలదు. ఇంకొన్ని తే."

షెవాలా తెచ్చింది. కొన్నాళ్ళు ఆగి ఇంకో మూల, మళ్ళీ ఆగి ఇంకో మూల మార్చింది. కొండల్లో వాన పడితే తొట్టి బురదరంగు తిరిగేది. బట్టలు ఆరేయవచ్చో లేదో తెలుసుకోడానికి ఇరుగుపొరుగు వచ్చి దాన్ని చూసి పోయేవాళ్ళు. చేపలకు మళ్ళీ మీసాలు మొలిచాయి. నీలం కంకర పూర్తిగా పోయాక, ఆ నీళ్ళ హోరులో హెయిర్ డ్రయ్యర్ చప్పుడు కూడా వినపడేది కాదు.

మంచు కరిగే రోజుల్లో కంపెనీ మేనేజరు నెజాద్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏట్లో ప్రతి రాయీ కంపెనీదే. ఎక్కడ తీశారో అక్కడే పెట్టాలి. ఇప్పుడే."

"ముట్టుకోండి చూద్దాం," అంది షెవాలా, చేతిలో కత్తెర దించకుండా.

ఫాదిలా పిన్ని సగం కత్తిరించిన జుట్టుతో కుర్చీలోంచి లేచి, తొట్టికి అడ్డంగా నిలబడింది. "ముందు నన్ను ఈడ్చండి. మీకు అలవాటేగా!"

మేనేజరు నెజాద్ వైపు తిరిగాడు. "ఉద్యోగం కావాలా, వద్దా?"

నెజాద్ చొక్కా చేతులు మడిచాడు. "కాస్త జరుగు పిన్నీ," అని మోచేతి దాకా చెయ్యి నీళ్ళలోకి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎముకలు కొరికే చలి. వేళ్ళను ఎవరో పట్టి లాగుతున్నంత వడి.

"అక్కా... ఏరు మొత్తం ఇక్కడే ఉందా?"

"ఇక్కడే ఉంది."

చాలాసేపు వాడు చెయ్యి తీయలేదు. తర్వాత, "చేపల్ని బకెట్లోకి తియ్యి," అన్నాడు మెల్లగా. షెవాలా వాడి మొహంలోకి చూసింది. చూసి, కత్తెర పక్కన పెట్టి, వల అందుకుంది.

రాళ్ళన్నీ నెజాదే మోశాడు. ఊరంతా వెనకే నడిచింది. ఎండిన ఏటి మధ్యకు దిగి, వాటిని కుమ్మరించకుండా ఒక్కొక్కటే పరిచాడు. మొదటి రాయి కింద నేల చెమర్చింది. తర్వాత చీలమండలు తడిశాయి. తర్వాత మోకాళ్ళు. చివరి రాయి పెట్టేసరికి నడుము లోతు లేస్కా రెండు గట్లూ ఒరుసుకుంటూ పారుతోంది. కంచె స్తంభాలు ఒక్కొక్కటే ఒరిగి కొట్టుకుపోయాయి. పైన గొట్టంలో చుక్క నీరు లేదని మేనేజరుకు ఫోనొచ్చింది.

"ఆపు! తీసెయ్ వాటిని!" అని అరిచాడు వంతెన మీంచి.

"ఎక్కడివక్కడ పెట్టమన్నారు, పెట్టాను," అన్నాడు నెజాద్. "ఇక దిగి మీరే తీసుకోండి."

మేనేజరు దిగలేదు. అతని వెనక వంతెన నిండా ఆడవాళ్ళు.

షెవాలా గట్టు అంచుకొచ్చి చెయ్యి చాచింది. "పైకి రారా. చలికి చస్తావు."

"రానక్కా," అని నవ్వి, నెజాద్ మునకేశాడు. వంతెనకు అవతల ఎక్కడో తేలాడు.