చట్టం అంచుకు అవతల

పెద్దల సభకు వెళ్ళకముందు ఆయన నూలు మిల్లు పక్క వీధిలో డాక్టరు. ఆ వీధిలో జ్వరానికి మందు అడిగేవాళ్ళ కంటే దగ్గుకు అడిగేవాళ్ళే ఎక్కువ. సభలో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆయన మాట ఒక్కటే. దూది నుసి పీల్చి ఊపిరితిత్తులు చెడితే అది పని తెచ్చిపెట్టిన జబ్బని చట్టం ఒప్పుకోవాలి, వైద్యమూ పింఛనూ మిల్లే భరించాలి. రోడ్ల మీద చర్చ జరిగినా తిప్పి తిప్పి అక్కడికే తెచ్చేవాడు. ఆయన లేచి నిలబడగానే ఎదుటి పక్షం బెంచీల్లోంచి ఒక లావుపాటి సభ్యుడు కావాలని దగ్గేవాడు. సభంతా ఘొల్లుమనేది. ‘దగ్గు డాక్టరు’ అని పేరు పడిపోయింది. ఆయనా నవ్వేసి, గోల సద్దుమణిగాక మొదలుపెట్టేవాడు.

తన సొంత చెల్లెలు ఆ మిల్లులోనే పనిచేసి మంచాన పడిందని మాత్రం ఏనాడూ నోరు జారలేదు. చెబితే ఇంటివాళ్ళ కోసం చట్టం అడుగుతున్నాడంటారు.

పదవీకాలం చివరికొచ్చింది. ఆయన పెట్టిన బిల్లు వాయిదాల్లోనే నలుగుతోంది. ఒక మధ్యాహ్నం కార్మిక మంత్రి ఆయన్ని తన గదికి పిలిచి, లేచి తలుపు తానే వేశాడు.

"డాక్టరుగారూ, మీ బిల్లు వెనక్కి తీసుకోండి. దాన్నే ప్రభుత్వం తరఫున మేం తెస్తాం. ఈ సమావేశాల్లోనే గట్టెక్కిస్తాం."

"మార్పులేమైనా ఉన్నాయా?"

"ఒక్కటే. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్ళకీ, ఇక మీదట చేరేవాళ్ళకీ మాత్రమే. మానేసినవాళ్ళని కలిపితే యజమానులు అడుగు ముందుకు పడనివ్వరు."

"ప్రాణం మీదికొచ్చింది ఆ మానేసినవాళ్ళకే కదండీ."

"తెలుసు. అంతకు మించి నా వల్ల కాదు. మీరు దిగిపోయాక దీన్ని పట్టించుకునే నాథుడెవరో మీరే చెప్పండి."

ఆయన తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. ఆమె దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. ఆయన చెప్పిందంతా విని అడిగింది:

"అన్నయ్యా, నన్ను అడగడానికొచ్చావా, చెప్పిపోదామని వచ్చావా?"

"అడగడానికేనమ్మా."

"అయితే నేను సరే అనను. అంటే నీ గుండెల మీద బరువు దిగిపోతుంది. నాలా మూలబడ్డవాళ్ళందరి తరఫునా సరే అనడానికి నేనెవర్ని?"

"మరి వద్దంటావా?"

"అదీ అనను. నా కూతురింకా ఆ మిల్లులోనే ఉంది కదా." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "కాస్త తిని వెళ్ళు. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

మర్నాడు ఆయన బిల్లు ఉపసంహరించుకున్నాడు.

ప్రభుత్వ బిల్లు చర్చకు వచ్చిన రోజు ఆయన లేచాడు. లావుపాటి సభ్యుడు అలవాటుగా దగ్గాడు. నవ్వులు మొదలయ్యాయి. ఈసారి డాక్టరు నవ్వలేదు.

"అధ్యక్షా, మా చెల్లెలు దగ్గితే ఇంత తొందరగా ఆగదు. ఆమె ఆ మిల్లు మనిషే. ఈ చట్టం ఆమెకు వర్తించదు. అది తెలిసే దీనికి ఓటేస్తున్నాను. ఇది సగం న్యాయం. మిగతా సగం ఈ సభ బాకీ."

బిల్లు నెగ్గింది.

బయట వరండాలో లావుపాటి సభ్యుడు ఎదురొచ్చి నిలబడ్డాడు. "ఆవిడకిప్పుడెలా ఉందండీ?" అన్నాడు.

"బాగాలేదు," అన్నాడు డాక్టరు.

ఆమె ఆ చలికాలం దాటలేదు.

కొన్నేళ్ళకు, పని మానేసిన కార్మికులను కూడా కలుపుతూ సవరణ వచ్చింది. దాన్ని ప్రతిపాదించింది ఆ లావుపాటి సభ్యుడే. డాక్టరు మేనకోడలితో సందర్శకుల గ్యాలరీలో కూర్చుని విన్నాడు. కింద బల్లలు చరిచారు. ఆయన చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. మేనకోడలు కళ్ళు తుడుచుకుంది.

"అయిపోయినట్టేనా మావయ్యా?"

"ఇంకా కింది సభకు వెళ్ళాలమ్మా," అన్నాడాయన. ఆమె భుజం ఆసరా చేసుకుని మెల్లగా లేచాడు.