బిళ్ల లేని ముగ్గురు

లోపల ముగ్గురు ఊపిరితో ఉండగానే గని నోటికి గోడ కడుతున్నారే, మీరు మనుషులేనా? కంపెనీ దొరలూ, మంత్రిగారూ, దీన్ని ప్రమాదం అనకండి. ఇది హత్య!

పొద్దున సొరంగంలో కప్పు కూలి మంట లేచింది. మధ్యాహ్నానికల్లా మంత్రి వచ్చి దిగాడు. ఎవరీయన? పాతికేళ్ల కిందట సముద్రం దాటి ఒక్క మూటతో వచ్చినవాడు. బొగ్గు తవ్వి, మేస్త్రీ అయి, మేనేజరు అయి, "వలసవాడి ఆకలి నాకు తెలుసు" అంటూ మన భుజాలెక్కి మంత్రి అయినవాడు. వచ్చిన కొత్తలో ఆయనకి కూడు పెట్టింది దీపాలక్క. గనిలో దిగేవాళ్లకి దీపాలు అందించేది ఆవిడే.

మంత్రి గని నోటి దగ్గరున్న హాజరు బోర్డు చూశాడు. దిగేవాడు తన నంబరు బిళ్ల దానికి తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద ఒక్క బిళ్లా లేదు.

"అందరూ వచ్చేశారు. బొగ్గు తగలబడకముందే మూసెయ్యండి."

అక్కకి అసలు సంగతి తెలుసు. కాగితాల్లేని వలస కూలీలకి బిళ్ల వద్దు, దీపమిచ్చి పంపమని మేనేజరుగా ఉన్నప్పుడు చెప్పింది ఈయనే. అప్పుడు అక్క నోరెత్తలేదు. పర్మినెంటు వాళ్లం మనమూ ఎత్తలేదు. ఇవాళ లోపలున్న ముగ్గురిలో ఒకడు ఆమె సొంత తమ్ముడు.

"అయ్యా, లోపల్నించి గొట్టం కొడుతున్నారు. చెయ్యి పెట్టి చూడు," అంది అక్క.

గాలి పంపే ఇనప గొట్టం అది. మంత్రి అరచెయ్యి ఆనించాడు. టక్. టక్. టక్. ఒక్క క్షణం మొహం పాలిపోయింది. పదేళ్లు లోపల బతికినవాడికి ఆ దెబ్బ తెలీదా? చెయ్యి తీసి రుమాలుతో తుడుచుకున్నాడు.

"నీళ్ల చప్పుడు."

"ఆగి ఆగి కొట్టమని నీళ్లకి ఎవరు నేర్పారు సారూ?" అన్నాడు గోడ కడుతున్న తాపీమేస్త్రీ.

"వాళ్లు మన యూనియన్లో లేరు కదరా!" గుంపులోంచి ఎవడో గొణిగాడు.

"ఊపిరికి కూడా కార్డు అడుగుతావురా, సన్నాసీ!" పక్కనున్నవాడు గద్దించాడు.

మంత్రి అక్క చెవి దగ్గరికి వంగాడు. "బిళ్లల్లేకుండా దీపాలిచ్చానని ఒప్పుకుంటే జైలుకెళ్లేది నువ్వే అక్కా. నేను కాదు. నోరు మూసుకుని ఇంటికెళ్లు."

తన చేతి అన్నం తిన్న నోరు అది. అక్క గుంపు వైపు తిరిగి గొంతు చించుకుంది.

"ఇచ్చాను! ఈయన మాట నమ్మి ఏళ్లతరబడి ఇచ్చాను! నాకు సంకెళ్లెయ్యండి! ముందు వాళ్లని తియ్యండి!"

తాపీమేస్త్రీ తాపీ కిందపడేశాడు. "ఇంకొక్క ఇటుక పెట్టను. ఎవడు పెడతాడో రమ్మనండి."

ఎవడూ కదల్లేదు. అక్కడున్న మూడొందలమందీ గని నోటికి అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు అక్కని రెక్క పట్టి ఈడ్చి జీపులో పడేశారు. జీపులోంచి కూడా ఆవిడ తమ్ముడి కోసమే అరిచింది.

గొట్టం ఇంకా మోగుతోంది. పక్క గనుల అన్నలారా, చదువుకునే పిల్లలారా, సంతాప సభలు ఎవడిక్కావాలి? గునపాలు పట్టుకుని రండి. గొట్టంలో గాలి ఆపనివ్వొద్దు. అక్కని విడిపించాలి. గోడ పడగొట్టాలి. తవ్వాలి, ఈ పూటే!