పట్టికలో చివరి వరుస

మార్చి రెండో ఆదివారం మధ్యాహ్నం ఎస్కిల్ నోర్లింగ్ ఎడమచేతి వేళ్ళలో మూడింటికి స్పర్శ పోయింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. పోయిన సంగతి అతనికి వెంటనే తెలియలేదు. రక్తం రాలేదు. నొప్పి కూడా లేదు. నొప్పి తెలియకూడదని గంట ముందే మణికట్టుకు మత్తు క్రీము పూసుకున్నాడు.

గున్‌వోర్ ఆ సమయంలో పక్క గదిలో బడిపిల్లల ఉలులకు పదును పెడుతోంది. ఊళ్ళో బడిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె చెక్కపని నేర్పుతోంది. ఆదివారాలు మాత్రం పాత పాలకేంద్రం కింద ఉన్న నేలమాళిగలో గడుపుతుంది. అక్కడ చేతిపనుల సంఘం ఒకటి ఉంది. నలభై మంది సభ్యులు, రెండు కుట్టుమిషన్లు, ఒక లేతు మిషను, ఒక లేజర్ కోత యంత్రం. ఒక్కో యంత్రం బాగోగులు ఒక్కో మనిషి చూసుకోవాలని సంఘం నియమం. లేజరు గున్‌వోర్ వంతు.

ముందు వాసన వచ్చింది. చెక్క కాలితే ఎలా ఉంటుందో, తోలు కాలితే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది ఆ రెండూ కాదు. అలాగని కొత్తదీ కాదు. చలికాలం మొదట్లో రెండుసార్లు ఈ వాసన వచ్చింది. రెండుసార్లూ ఆమె లేచి కిటికీ తెరిచి, తిరిగొచ్చి తన పనిలో కూర్చుంది. ఈసారీ కిటికీ దగ్గరికే నడిచింది. గొళ్ళెం మీద చెయ్యి వేసినప్పుడు, లేజరు గదిలోంచి సంఘం సభ్యురాలు మైకెన్ గొంతు వినిపించింది.

"ఏయ్, బొటనవేలు ఎగిరిందేంటి? కదలొద్దని చెప్పానా లేదా?"

"నేనెక్కడ కదిపాను? దానంతటదే ఎగిరింది," అన్నాడు ఎస్కిల్.

గున్‌వోర్ పరుగెత్తింది. యంత్రం మూత బార్లా తెరిచి ఉంది. మూత లేస్తే కిరణం ఆగిపోవాలి. ఆగకుండా ఉండేందుకు గడియ దగ్గర చిన్న అయస్కాంతం అతికించి ఉంది. ఎస్కిల్ మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి మోచేతిదాకా లోపల పెట్టి, అరచెయ్యి పైకి తిప్పి ఉంచాడు. మైకెన్ మీటల దగ్గర నిలబడి ఉంది. ఇద్దరి కళ్ళకూ రక్షణ అద్దాలున్నాయి. పక్కన స్పిరిట్ సీసా, తడిపిన గుడ్డలు, పళ్ళెంలో మాంసం కొట్టునుంచి తెచ్చిన పందికాలు. అన్నీ ఆస్పత్రిలో ఉన్నంత శుభ్రంగా, వరుసగా అమర్చి ఉన్నాయి.

ఆమె ఎర్ర బొత్తాం మీద గుద్దింది.

"అయ్యో టీచరమ్మా, ఒక్క చుట్టు మిగిలింది. తోక లేని చేపను చేశావు నన్ను," అని నవ్వాడు ఎస్కిల్.

"చెయ్యి బయటికి తియ్యి."

"రక్తం చుక్క కూడా లేదు. ఏం కాలేదులే," అంది మైకెన్. ఆ మాట ఎవరికి చెబుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు.

గున్‌వోర్ అతని బొటనవేలి కొనను గట్టిగా గిల్లింది.

"తెలుస్తోందా?"

"క్రీము పూశాను కదా."

"క్రీము మణికట్టుకు పూశావు. వేలికి పూయలేదు."

ఎస్కిల్ నవ్వు ఆగిపోయింది. తన కుడిచేత్తో తానే గిల్లుకుని చూశాడు. తర్వాత చూపుడువేలు, తర్వాత నడిమివేలు. ఆ గదిలో నర్సు అతనొక్కడే. ఏం జరిగిందో అందరికంటే ముందు అర్థమైందీ అతనికే.

*

ఎస్కిల్‌కు ముప్పై ఏడేళ్ళు. ముసలివాళ్ళ వార్డులో పని. రక్తనాళం దొరకని రోగులుంటారు. చర్మం పల్చబడి, చేతులు ఎముకలుగా మారి, ఎక్కడ సూది గుచ్చాలో ఎవరికీ తెలియదు. అలాంటి మంచం దగ్గరికి ఎస్కిల్‌ను పిలిచేవాళ్ళు. అతను కళ్ళు మూసుకుని ఎడమచేతి రెండు వేళ్ళతో మెల్లగా తడిమి, "ఇదిగో, ఇక్కడ దాక్కుంది దొంగ," అనేవాడు. పక్క వార్డులవాళ్ళు కూడా అతని కోసం కబురు పెట్టేవాళ్ళు. గున్‌వోర్ తల్లి చివరి శీతాకాలంలో ఆమె చేతిలో సూది పెట్టిందీ అతనే.

చేప సంగతి సంఘంలో ఒక నలుగురిది. అయిదేళ్ళు సభ్యులుగా ఉన్నవాళ్ళు ఒంటిమీద పచ్చబొట్టులా గోరంత చేప గీయించుకోవాలని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. సూదులూ రంగులూ ఎందుకు, మన యంత్రం ఉండగా, అన్నారు. అలా ఇద్దరు ముంజేతి పైభాగాన గీయించుకున్నారు. పై చర్మం కమిలి, పొక్కు ఊడి, గోధుమరంగు గీత మిగిలింది. నర్సు దగ్గరుండి చూస్తున్నాడు కదా అన్న ధీమా అందరికీ ఉంది. ఆ ధీమా నర్సుకూ ఉంది. పైభాగాన వెంట్రుకలకు నిప్పంటుకుంటోందని తన వంతు వచ్చినప్పుడు మణికట్టు లోపలివైపు ఎంచుకున్నాడు. వార్డులో పచ్చిపుండుతో పని చేయనివ్వరు కాబట్టి సెలవు పెట్టుకుని వచ్చాడు. అన్నీ ఆలోచించుకునే వచ్చాడు.

యంత్రం పక్కన గోడమీద ఒక పట్టిక ఉంటుంది. ఏ సరుకుకు ఎంత బలం, ఎంత వేగం, ఎన్నిసార్లు అన్నది ఎవరు కనిపెడితే వాళ్ళు అందులో రాస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు లెక్క వేసుకోరు, పట్టిక చూస్తారు. బలం శాతాల్లో ఉంటుంది. చివరి వరుసలో ఆకుపచ్చ సిరాతో "పందిచర్మం, పన్నెండు శాతం, మూడుసార్లు" అని ఉండేది. ఆ సిరా ఎస్కిల్‌దని అందరికీ తెలుసు. పందిచర్మం ఎవరూ కోయరనీ, మనిషి చర్మానికి బదులు ఆ పేరు రాశాడనీ తెలుసు.

ఫిబ్రవరిలో కిరణం పుట్టించే పాత ట్యూబు చచ్చిపోయింది. గున్‌వోర్ తన చేతులతో కొత్తది బిగించింది. పాతదానికంటే రెండున్నర రెట్లు బలమైనది. పన్నెండు శాతం అన్న మాట అదే, లోపల కాలేది వేరు. అందుకని ఆమె మూడు సాయంత్రాలు కూర్చుని ప్రతి సరుకునూ మళ్ళీ కోసి చూసింది. ప్లైవుడ్, తోలు, అట్ట, ఊలుబట్ట. పాత అంకెల మీద తెల్లకాగితం అతికించి కొత్తవి రాసింది. పట్టిక తలమీద "కొత్త ట్యూబుకు అన్ని వరుసలూ సరిచూశాను" అని రాసి, తన పేరు, తేదీ వేసింది.

చివరి వరుసను ముట్టుకోలేదు.

*

రెండు వారాల తర్వాత సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు బిర్యర్ తునెల్ రిటైరైన ఓడ ఇంజనీరు. కాఫీ కాచాడు, బన్నులు తెచ్చాడు. ఒక్కటి తప్ప మిగతా బన్నులు అలాగే ఉండిపోయాయి. మైకెన్ రాలేదు. బస్సు డిపోలో ఉద్యోగం కూడా మానేసి, ఉత్తరాన తన అక్క ఇంటికి వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. మీట నొక్కింది తనే అని అందరితో అనేదట, ఫోను ఎత్తడం లేదట.

సమావేశం మినిట్స్‌ను సరిచూసి సంతకం పెట్టేందుకు అక్కడున్నవాళ్ళలోనే ఇద్దర్ని ఎన్నుకోవడం వాళ్ళ పద్ధతి. ఆ రోజు ఎన్నికైనవాళ్ళలో గున్‌వోర్ ఒకతె. ఎవరికీ రెండో ఆలోచన లేదు. అక్షరం తప్పు పోనివ్వని మనిషని పేరు.

నాలుగు రోజులకు బిర్యర్ ఆ మినిట్స్ కాగితాలు పట్టుకుని బడికే వచ్చాడు. పిల్లలు వెళ్ళిపోయాక చెక్కపొడి ఊడుస్తున్న ఆమె పక్కన నిలబడ్డాడు.

"అయిదు నిమిషాల పని. చదివి గీకెయ్యి."

ఆమె చదివింది. మూడో పేజీలో ఆగింది. "పట్టికలోని చివరి వరుసకు అనుమతి లేదు. యంత్రం బాధ్యులు పట్టిక సవరించినప్పుడు ఆ వరుస వారి దృష్టికి రాలేదు."

"ఇది ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పేదేముంది? నీ దృష్టికి వస్తే వదిలేస్తావా? నా మనవడు కొలబద్ద వంకరగా పెట్టాడని గంటసేపు నిలబెట్టావు."

"వాణ్ణి గంట నిలబెట్టలేదు. పది నిమిషాలు."

"వాడు గంటని చెబుతున్నాడు. సంతకం పెట్టు తల్లీ, మున్సిపాలిటీవాళ్ళు అడుగుతున్నారు."

ఆమె పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"బిర్యర్, నేను చూశాను."

"ఏం చూశావు?"

"ఆ వరుస. ఫిబ్రవరిలో. చదివాను కూడా. ఎందుకు రాశారో తెలిసే చదివాను."

బిర్యర్ పిల్లల బల్ల మీద కూలబడ్డాడు. ఆ బల్ల అతనికి మరీ చిన్నది. కిటికీలోంచి మంచు కరుగుతున్న ఆటస్థలం చూశాడు.

"ఎందుకమ్మా చెబుతావిప్పుడు?" అన్నాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ ఏమీ పోదు. చెబితే మాత్రం వాడి వేళ్ళు తిరిగొస్తాయా?"

"రావు."

"మరి?"

"అక్కడ రాసింది నిజం కాదు," అంది గున్‌వోర్. కాగితాలు మడిచి ఇచ్చింది. "ముందు ఎస్కిల్‌కు చెప్పనీ. తర్వాత నువ్వు మార్చి రాసుకొస్తే సంతకం పెడతాను."

*

మణికట్టులో కాలి తెగిన నరాన్ని పెద్ద ఆస్పత్రిలో సూక్ష్మదర్శిని కింద కుట్టారు. రోజుకు మహా అయితే ఒక మిల్లీమీటరు పెరుగుతుందట. పెరిగినా, ఆ వేళ్ళకు పాత నేర్పు వస్తుందని ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ మొదటి శనివారం గున్‌వోర్ వెళ్ళేసరికి ఎస్కిల్ వంటగదిలో కూర్చుని ఉన్నాడు. ముందు వెడల్పు గిన్నెనిండా ఎండు బఠానీలు. కళ్ళు మూసుకుని ఎడమచెయ్యి వాటిలో పెట్టి కెలుకుతున్నాడు.

"తలుపు తీసే ఉంది, వచ్చెయ్," అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఇందులో ఒక తాళంచెవి, ఒక బొత్తాం, ఒక మేకు ఉన్నాయి. ఏది ఏదో చెప్పాలి. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన ఇంటిపని. నీ ఇంటిపనులే నయం."

"ఏం దొరికింది?"

అతను పిడికిలి పైకి తీసి తెరిచాడు. నాలుగు బఠానీలున్నాయి.

"మేకు అనుకున్నాను," అన్నాడు.

ఆమె కోటు విప్పలేదు. ఎదుటి కుర్చీలో కూర్చుంది. చెప్పాల్సిన వాక్యాలు దారిలో సిద్ధం చేసుకుంది. ఎస్కిల్ ముందే మాట్లాడాడు.

"నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావని బిర్యర్ అన్నాడు. ఎందుకూ? తప్పు నాది. ముందు పందికాలి మీద గీసి చూస్తే గీత సన్నగా, అందంగా వచ్చింది. ఎంత లోతు దిగిందో కోసి చూడాలని తోచలేదు. పదిహేనేళ్ళు నర్సుగా చేసి, మత్తు పూస్తే ఒళ్ళు హెచ్చరించడం మానేస్తుందన్న ముక్క మర్చిపోయాను. ఇంకేం కావాలి?"

"ట్యూబు మారిందని తెలుసా నీకు?"

"తెలియకేం. మైకెన్ అడిగింది కూడా. అన్ని వరుసలూ మారాయి, ఇది మారలేదేంటి అని. మీట దగ్గర నిలబడి రెండుసార్లు అడిగింది పిచ్చిది." అతను గిన్నెలోకి చూస్తూ నవ్వాడు. "నేనేమన్నానో తెలుసా? టీచరమ్మ అన్నీ సరిచూశానని పైన సంతకం పెట్టింది, చూడకుండా సంతకం పెట్టే మనిషి కాదు, మారలేదంటే మార్చక్కర్లేదనే అర్థం, నొక్కు, అన్నాను."

గున్‌వోర్ చేతులు ఒడిలో పెట్టుకుంది. సిద్ధం చేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ పనికి రాలేదు.

"చూశాను, ఎస్కిల్. చూసి వదిలేశాను."

ఎందుకని అతను అడగకముందే ఆమె చెప్పింది.

"ఆ వరుస కొట్టేస్తే మీరు చేస్తున్నది నాకు తెలుసని ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆపాలి, అందరితో గొడవ పడాలి. కొత్త అంకె వేస్తే నేనే చెయ్యమన్నట్టు. రెండూ ఇష్టం లేకపోయింది. చూడనట్టు ఉండిపోయాను. వాసన వచ్చినప్పుడు కూడా కిటికీ తీశాను, అంతే."

"పెన్ను నీ చేతిలోనే ఉంది," అన్నాడు ఎస్కిల్ మెల్లగా.

"ఉంది."

"ఒక్క గీత చాలు కదా. అడ్డంగా."

"చాలు."

అతను బఠానీలను ఒక్కొక్కటిగా గిన్నెలోకి వదిలాడు. కళ్ళతో చూస్తూ వదిలాడు, వేళ్ళను నమ్మలేదు. కిందింట్లో ఎవరో రేడియో పెట్టి, ఆపేశారు.

"నాకు కోపం వస్తుందేమో, ఇప్పుడు రావడం లేదు. వచ్చినప్పుడు చెబుతాను," అన్నాడు. తల ఎత్తాడు. "మైకెన్‌కు చెప్పావా?"

"లేదు."

"నాకంటే ముందు దానికి చెప్పాల్సింది. నేను నర్సుని, మొండివాణ్ణి, నా చెయ్యి నేనే పెట్టుకున్నాను. దానికి అనుమానం వచ్చింది. అడిగింది. దాని అనుమానమే సరైనది. అది మాత్రం తనే నా చెయ్యి కాల్చానని అనుకుంటూ వాళ్ళక్క ఇంట్లో పడుకుని ఉంది. నేను రాస్తే నమ్మదు, ఓదార్చడానికి రాశాననుకుంటుంది. నీ నోటితో వింటేనే నమ్ముతుంది."

"వెళ్తాను," అంది గున్‌వోర్.

"వెళ్ళు మరి. కాఫీ అడగలేదని ఏమనుకోకు. ఈ రోజు కాయలేను."

*

బిర్యర్ వాక్యం మార్చాడు. "ఆ వరుసను యంత్రం బాధ్యులు చూశారు, కొట్టివేయలేదు, సవరించలేదు" అని రాసుకొచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. మున్సిపాలిటీ నేలమాళిగకు తాళం వేసింది. యంత్రాన్ని ఎవరో పొరుగూరివాళ్ళు తీసుకుపోయారు. తీసుకుపోయేముందు గున్‌వోర్ వాళ్ళను నిలబెట్టి, గడియ ఎందుకుందో, శాతమంటే దేంట్లో శాతమో రెండుసార్లు చెప్పింది. వాళ్ళు గడియారం చూసుకుంటూ విన్నారు. ఎస్కిల్ ఆగస్టునుంచి వార్డులో మందుల బల్ల దగ్గర పని చేస్తాడు. సూదులు వేరేవాళ్ళు వేస్తారు.

జూన్ రెండోవారంలో బడికి వేసవి సెలవులిచ్చారు. మైకెన్ అక్క ఉండే ఊరు బస్సులో రెండుగంటల దూరం. రోజుకు నాలుగు బస్సులున్నాయి. ఉత్తరం రాద్దామని మొదలుపెట్టి గున్‌వోర్ మూడుసార్లు చింపేసింది, రాతతో అయ్యే పని కాదని. ఒకసారి బస్టాండుదాకా వెళ్ళింది. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది. డ్రైవరు, "ఎక్కుతున్నారా?" అని అడిగితే, లేదని తల ఊపింది.

మైకెన్‌కు ఇంకా చెప్పలేదు.