ప్రసన్నకు మేం వేసిన మార్కులు

మా అప్పడాల కంపెనీకి ఒక బోర్డు ఉంది. నవ్వకండి. అందులో ఐదుగురం ఆడవాళ్లం, నేనొకదాన్ని. సంతకం పెట్టడం వచ్చు, అంతకుమించి చదువు లేదు నాకు. బరంపురం హల్దియాపదర్‌లో మా పెద్ద షెడ్డు, చికిటిలో ఒకటి, పురుషోత్తంపూర్‌లో ఒకటి చిన్నవి. మొత్తం నూట ముప్పైమంది అప్పడాలు వత్తుతారు. ఇదంతా నడిపించే పిల్ల లక్ష్మీప్రసన్న. కాగితాల్లో సీఈఓ అని ఉంటుంది. మేమే మూడేళ్లకని పెట్టుకున్నాం. ఆ మూడేళ్లూ ఈ మాఘంతో నిండాయి.

ఏడాదికోసారి బోర్డు ఆమె పనికి మార్కులు వేయాలి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, ఒక్కో ప్రశ్నకు ఐదు మార్కులు. మాకు తెలిసినవాళ్లలో ఇంగ్లీషు చదివేదెవరు? ప్రసన్నే. అందుకని రెండేళ్లూ ఫారం ఆమే చదివింది, మేం చెప్పిన మార్కు ఆమే రాసింది. ఎదురుగా కూర్చుని టీ పోసిచ్చిన పిల్లకు మూడు వెయ్యమని ఏ నోటితో చెబుతాం? అన్నిటికీ ఐదే. బోర్డులో ఇంకో మెంబరు కాసమ్మయితే ఒక ప్రశ్నకు ఆరు వెయ్యమంది.

ఈ ఏడు రాఘవేంద్ర వచ్చాడు. మాలాంటి కంపెనీలకు దారి చెప్పే ఆఫీసులో పని అతనిది. పాత ఫారాలు ముందేసుకుని తల పట్టుకున్నాడు.

"అన్నిటికీ ఐదంటే మీరు సూడనట్టే, మామ్మా. ఈ ఏడు అమ్మకం అనుకున్నంత అవనేదు. ముసుర్లో పెద్ద ఆర్డరు ఆవిడే ఒదిలేసినారు. ఇలాగైతే వేరే మనిషిని పెట్టుకోమంటాది మా ఆఫీసు. వారం టైమిస్తాను, సూసి మార్కులెయ్యండి. ఫారం నేను సదువుతాను. ఆవిడ గదిలో ఉండకూడదు."

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. నాకు ప్రసన్న మీద కడుపులో మంట. ఆ ఆర్డరు పోయింది మా ఇంటి సరుకు మూలానే. భాద్రపదంలో తొమ్మిది రోజులు ముసురు. ఎండ మొహం చూడలేదు. మా కోడలు ఉమాదేవి వత్తినవన్నీ షెడ్డులో ఫ్యాన్ల కిందే ఆరాయి. ప్రసన్న వచ్చి ఒకటి తీసి వాసన చూసి, "ఈ సరుకు పంపొద్దు, ఉమక్కా" అంది. అంతే, ఒక్క ముక్క. బోర్డు మెంబరు కోడలి సరుకు! ఆ రోజు నుంచి వీధిలో కనపడిన ప్రతివాళ్లకూ, సరుకు ఎవరిదో చెప్పకుండా, ప్రసన్న పొగరు గురించి నేనే చెప్పుకొచ్చాను.

"నువ్వెంతేస్తావే, గురువమ్మా?" అని అడిగింది మా ప్రెసిడెంటు అమ్మణ్ణొదిన.

"ఒకటి. అదీ మొగమాటానికి."

"ఓలమ్మా! పోయినేడు ఐదేసిన నోరేనా ఇది?"

"పోయినేడు దానికింత పొగరు నేదు గదా."

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు.

"అప్పడాల కట్ట కొన్నప్పుడు పైది సూసి కొంటావేటి? మద్దిలోది లాగి సెగ మీద పెడతావు. ఈ షెడ్డులో కూకుంటే మనకి పైదే అగుపిస్తాది. నువ్వు చికిటి ఎల్లు. నాను పురుషోత్తంపూర్ ఎల్తాను. సెప్పకుండా ఎల్దాం."

పొద్దున్నే బస్సెక్కాను. బోర్డులో చేరి మూడేళ్లయినా చికిటి షెడ్డు మొహం చూసినదాన్ని కాదు నేను, అక్కడెవరికీ తెలియను. పనికొచ్చానన్నాను. అక్కడి పెద్దామె సీతాలు పీట, కర్ర నా ముందు పెట్టింది.

"వత్తు మామ్మా, సూద్దాం." నాలుగు వత్తేసరికి, "సూడండే, ఈ ముసల్దాని సెయ్యి!" అని అందరికీ చూపించింది. ఈ వయసులో పొగిడితే ఎవరికి చేదు?

కాసేపటికి మాట కదిపాను. "మీ మేడమ్ ఎలాటిదమ్మా?"

"వారానికోపాలి వత్తాది. మాతోనే కూకుని వత్తుతాది. గుండ్రంగా రాదు, వంకరటింకర! మేం నవ్వుతాం, తనూ నవ్వుతాది."

"ముసుర్లో ఏదో ఆర్డరు పోయినాదట గదా?"

"పోయినాది. బరంపురంలో సరుకు బూజు పట్టినాదట. ఎవులిదని అడిగినాం. 'తప్పు నాదే. ముసురని తెలిసీ పిండి కలపమని నేనే సెప్పినాను' అన్నాది."

"ఎవులి సరుకో సెప్పనేదా?"

"ఆవిడా? సెప్పదు. ఒకల తప్పు ఇంకొకల సెవిలో ఎయ్యదు."

నా చేతిలో కర్ర ఆగిపోయింది. ఐదు నెలలు! వీధి వీధంతా ఆ పిల్లను నేను తిట్టుకొస్తుంటే, ఉమ పేరు చెప్పి ఒక్క మాటలో నా నోరు మూయించగలిగేది. మూయించలేదు. తప్పు తన నెత్తిన వేసుకుంది.

అలాగని కళ్లు మూసుకుని రాలేదు. మధ్యాహ్నం లారీ వచ్చి గుమ్మంలో నిలబడింది. సరుకు ఎక్కించమని ప్రసన్న చెప్పాలట. ఆమె ఎక్కడో దారిలో ఉంది, ఫోను తగల్లేదు. రెండు గంటలు డ్రైవరు తిడుతూ కూర్చున్నాడు, సీతాలు గుమ్మంలోకీ లోపలికీ తిరిగింది.

వారానికి రాఘవేంద్ర ఫారం తెచ్చి చదివాడు. ప్రసన్న బయట బెంచీ మీద ఉంది. సరుకు నాణ్యానికి ఐదు. మనుషులతో నడత అనగానే అందరికన్నా ముందు నేనన్నాను, "ఐదు."

వదిన నా వైపు తిరిగి, "ముసురు తగ్గినట్టుందే!" అంది.

అమ్మకాలకు మూడు. "ఆర్డరు ఒదిలేసినందుకు కాదు బాబూ," అంది వదిన. "బూజు సరుకు ఆపినాదని మెచ్చుకున్నాం, అలాగే రాయి. కొత్త బేరం ఎతకనేదని తీసినాం."

ఆఖరిది: ఆవిడ లేనప్పుడు పని నడుస్తుందా?

"రెండు," అన్నాను. లారీ కథంతా చెప్పాను. పురుషోత్తంపూర్‌లోనూ అదే తంతని వదిన చెప్పింది. రాఘవేంద్ర రాయడం ఆపి మమ్మల్ని చూశాడు.

"ఇప్పుడు సూసినట్టుంది, మామ్మా. మరో మూడేళ్లు ఉంచుతారా?"

ఆరు చేతులు లేచాయి. కాసమ్మ రెండు చేతులూ ఎత్తింది, ఒకటి దింపించాం.

ప్రసన్నను పిలిచి ఫారం చేతిలో పెట్టాం. గబగబా చదువుకుంటూ వెళ్లి రెండు దగ్గర ఆగింది.

"ఇది ఎవరేసినారు?"

"నేనే. నీకు జొరమొస్తే మూడు షెడ్లూ మూసుకోవాలేటి? ఇంకోటి. ఆ ముసురు సరుకు మా ఇంటిదని ఇందాక ఈళ్లందరికీ సెప్పేసినాను."

ఆ పిల్ల కొంగుతో మొహం తుడుచుకుని కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"రెండేళ్లూ ఐదులు రాసుకుని ఇంటికెళ్లి నిద్దరపోనేదు, మామ్మా. సీతాలక్కకి లారీ పని నేర్పుతాను. ఎన్నాళ్లిస్తారు?"

"ఉగాది దాకా," అన్నాను.

"సాలదు."

"సాలాల," అన్నాం ఐదుగురం.