తూర్పు వరుస ఎల్మ్ చెట్లు

ఎడ్నా ట్రెగియర్ రెండు బకెట్ల నీళ్ళు మోసుకుని రోడ్డెక్కేసరికి కొడుకు పెర్సీ పేరున నాటిన చెట్టు మీద సున్నంతో గీసిన అడ్డగుర్తు కనిపించింది. ముందు చెట్టుకీ ఉంది, వెనక చెట్టుకీ ఉంది. యుద్ధంలో పోయిన ఒక్కో కుర్రాడి పేరున ఒక్కొక్కటిగా తూర్పు వరుసలో నలభై ఎల్మ్ చెట్లున్నాయి. ముప్పై తొమ్మిదింటికి కొట్టేయమని గుర్తు పడింది. పడనిది కౌన్సిల్ పెద్ద ప్రింగ్ దొర కొడుకు, కెప్టెన్ గారిది. దొరగారి ఉన్ని లారీలు స్టేషనుకు పోవడానికి రోడ్డు ఈ వైపు వెడల్పు చేస్తారట, అవతల పడమటి వరుస జోలికి పోరట. ఆ ఒక్క చెట్టు దగ్గర మాత్రం రోడ్డే పక్కకు తప్పుకుంటుందట!

పెర్సీకి సమాధి లేదు. ఫ్రాన్సు బురదలో ఎముక కూడా దొరకలేదు. పద్నాలుగేళ్ళుగా ఎడ్నాకు కొడుకంటే ఈ చెట్టే. బకెట్లు దించి అక్కడే కూలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఆమె బట్టలుతికే దొడ్లో తూర్పు వరుస ఆడవాళ్ళంతా చేరారు. పనుల్లేక, కౌన్సిలిచ్చే రేషన్ కోసం రోడ్డు పని చేస్తున్న పన్నెండు మంది మగవాళ్ళూ వచ్చారు.

నోరా హన్రహన్ అందరికన్నా ముందు లేచింది. "ఇప్పుడా ఎడ్నా మమ్మల్ని పిలిచేది? కరెంటు తీగలకి అడ్డమని వంతెన దగ్గర ఆరు చెట్లు కొట్టేసిన రోజు ఏమయ్యావ్? నా పెద్దోడి చెట్టు పడిపోతుంటే నువ్వు నీ చెట్టుకి నీళ్ళు పోసుకుంటున్నావు. చూళ్ళేదనుకున్నావా?"

"పోసుకుంటూనే ఉన్నాను. తప్పే నోరా. మావాడిది కాదుగదా అనుకున్నాను."

ఆ ఊరి ఆనవాయితీ అలాంటిది. ఎవరి చెట్టు వాళ్ళదే. పక్క చెట్టు ఎండిపోతున్నా ఇంకొకరు చెంబెడు నీళ్ళు పోస్తే ఆ ఇంటి పరువు తీసినట్టే. దొరకు కావలసింది కూడా సరిగ్గా అదే.

"మా చేతే కొట్టిస్తారు" అన్నాడు క్లెమ్ డోయల్, యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చినవాడు. "కొట్టనంటే రేషన్ బంద్. నాకు నలుగురు పిల్లలమ్మా."

"కొట్టు మరి! నీ పక్కన కందకంలో పడుకున్నోడి చెట్టేగా!" అని ఎవరో అరిచారు.

"వాణ్ణి తిట్టి ఏం లాభం?" అంది నోరా. "ఎవరి చెట్టుకి వాళ్ళం అడ్డం నిలబడితే, 'నీదొక్కటీ వదిలేస్తాం, ఇంటికి పో' అంటాడు దొర. పోకుండా ఎవరుంటారు? నేనైతే పోతాను. అందుకే పక్కవాళ్ళ చెట్టు దగ్గర నిలబడదాం."

చాలాసేపటికి ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

సోమవారం పొద్దున్నే ప్రింగ్ దొర కారు దిగి నేరుగా ఎడ్నా దగ్గరికొచ్చాడు. ఆమె నోరా చిన్నకొడుకు చెట్టుకు ఆనుకుని ఉంది.

"ఎందుకొచ్చిన తిప్పలు ఎడ్నా? నీ కొడుకు చెట్టు వదిలేయిస్తాను. వీళ్ళని ఇళ్ళకి పంపించెయ్."

సరేననాలని ఆమె ప్రాణం కొట్టుకుంది.

"నోరా కొడుకుదో?"

"అది కుదరదు."

"అయితే నాదీ కుదరదు దొరా."

"సరే. మొదట దీని కొడుకుదే కొట్టండిరా!"

ఎవరూ కదలలేదు. రోడ్డు పని మేస్త్రీ క్లెమ్ చేతిలో గొడ్డలి లాక్కుని, పెర్సీ చెట్టుకు అడ్డంగా నిలబడ్డామెను పక్కకు నెట్టి తనే మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. అయినా ఎడ్నా నోరా కొడుకు చెట్టు వదలలేదు. పెర్సీ చెట్టు పడిపోయింది.

క్లెమ్ వెళ్ళి పక్క చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. "రేషన్ జాబితాలో నా పేరు కొట్టేసుకో మేస్త్రీ" అన్నాడు. మిగతా పదకొండు మందీ తలా ఒక చెట్టు కింద కూర్చున్నారు.

పోలీసు వచ్చి ఎడ్నా చెయ్యి పట్టుకున్నాడు. "పద పెద్దమ్మా. నీ చెట్టు పోయింది. ఇంకేం పని నీకిక్కడ?"

"ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి నాయనా."

"గుర్తు పెట్టినవి ముప్పై ఎనిమిదేగా?"

"దొరగారి కొడుకు కెప్టెన్ని లెక్కేయవా? వాడూ చచ్చినవాడేగా" అంటూ ఆమె పోలీసు బండెక్కింది.

బండి కదలకముందే, తమ చెట్లకు ఏ ప్రమాదమూ లేని పడమటి వరుస ఆడవాళ్ళు రోడ్డు దాటి వచ్చి ఆమె వదిలిన చోట నిలబడ్డారు.