గవర్రాజు గారింటి తాంబూలం పళ్లెం

నేను ఒక ఇత్తడి తాంబూలం పళ్లేన్ని. అంచున లతలు, నడుమ హంస. ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో పుట్టాను. సుత్తి దెబ్బలు తిన్నది అక్కడైనా, మనుషుల సంగతి తెలిసింది మాత్రం ఆ తర్వాతే.

మొదట ఒక వకీలు గారింట్లో ఉండేదాన్ని. ఏడాదికోసారి నోములకు బీరువా దిగడం, మళ్లీ ఎక్కడం. ఆయన మనవరాలి పెళ్లికి వండిన వంట మేస్త్రి గవర్రాజు గారికి ఒప్పుకున్న సొమ్ములో సగమే ఇచ్చి, మిగతా సగానికి బదులు నన్ను చేతిలో పెట్టారు. "ఇంతకంటే మర్యాద ఏముంటుందోయ్!" అన్నారు పైగా. గవర్రాజు గారు కాదనలేదు. కాదనడం ఆయనకు చేతకాదని నాకు ఆ రోజే తెలిసింది.

మా వైపు వంట మేస్త్రిని మాట్లాడుకోవడమంటే కాగితాలూ సంతకాలూ ఉండవు. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు, పైన అడ్వాన్సు పెట్టి అందిస్తారు. పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. "ఇంటికొచ్చిన తాంబూలం తిప్పితే లక్ష్మిని గెంటినట్టేరా" అని గవర్రాజు గారికి వాళ్ల నాన్న చెప్పి పోయాడు. ఆ ముక్క చుట్టుపక్కల పది ఊళ్లకూ పాకింది. ఇక జనం తెలివి చూడండి. ముందు తాంబూలం చేతిలో పెట్టేవారు, ఆ తర్వాత బేరం మొదలెట్టేవారు. మూడొందల విస్తళ్లన్న పెద్దమనిషి ఐదొందల మందిని కూర్చోబెట్టి, "అన్నదానం, నీకూ పుణ్యమే" అనేవాడు. అన్నింటికంటే వింతేమిటంటే, ఆకులు తెచ్చినవారెవరూ పళ్లెం తెచ్చేవారు కాదు. "ఓ పళ్లెం ఇలా ఇవ్వమ్మా" అనగానే మేస్త్రి గారి భార్య మంగాయమ్మ గూట్లోంచి నన్ను తీసి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చేది. దీన్ని కొరివితో తల గోక్కోవడం అంటారు. ఆ ఇంట్లో మర్యాద అనేవారు.

అలాంటి పెద్దమనుషుల్లోకెల్లా పెద్దమనిషి చిట్టబ్బాయి గారు. రైస్ మిల్లు ఉంది, తవుడు నూనె మిల్లూ ఉంది. కిందటేడు ఆయన గృహప్రవేశానికి "సరుకులు నావి, చేతులు నీవి" అని ఒప్పందం. సరుకంటే అమ్ముడుపోక మూల పడున్న నూనె డబ్బాలు. బూరెలు కంపు కొట్టాయి. తిన్నవాళ్లు నూనెనేమీ అనలేదు, గవర్రాజు చెయ్యి పాడైందన్నారు. ఆ బూరెలు వేసిన సూరమ్మ పొయ్యి పక్కనే కూలబడి ఏడ్చింది. ఇరవై ఏళ్లుగా మేస్త్రి గారి దగ్గర బూరెలు వేసేది ఆమే; ఆయన పేరులో సగం ఆమె చేతి చలవే. అది ఆయనకు తెలుసు, ఊరికీ తెలుసు.

ఇప్పుడు చిట్టబ్బాయి గారు కొత్త మిల్లు తెరుస్తున్నారట. ఎనిమిది వందల మందికి భోజనాలు, నూనె మళ్లీ ఆయనదే. రేపు తాంబూలంతో వస్తున్నారని కబురందగానే సూరమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"రేపాయన తాంబూలం అందుకున్నారంటే నేను వేరే మేస్త్రి దగ్గిరికెల్లిపోతానండి. నా బూరి ఆ నూనెలో ముంచనండి."

"తాంబూలం తిప్పితే లక్ష్మి పోద్దే సూరమ్మా."

"ఇన్నాళ్లూ అందుకున్నారు కదండీ, ఏదండీ లచ్చిందేవి? ఏ గదిలో ఉందో ఓపాలి సూపించండి."

గవర్రాజు గారు ఆ ఉన్న ఒక్క గదీ కలయజూశారు.

మర్నాడు పొద్దున్నే చిట్టబ్బాయి గారు వచ్చారు. మంగాయమ్మ అలవాటు కొద్దీ నన్ను తుడిచి ఇచ్చింది. ఆయన ఆకులు పేర్చి, పళ్లు పెట్టి, నన్ను చాపారు. గవర్రాజు గారి చేతులు కూడా అలవాటు కొద్దీ వచ్చి నా అంచు పట్టుకున్నాయి. అయిపోయింది, సూరమ్మ వెళ్లిపోతుంది అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నూనె నేను తెచ్చుకుంటేనే వండుతానండి," అన్నారు గవర్రాజు గారు.

"ముందు పుచ్చుకోవయ్యా, తర్వాత మాట్లాడుకుందాం."

"అయితే నా వల్ల కాదండి."

"తాంబూలం తిప్పుతావా? ఇంటికొచ్చిన లక్ష్మిని గెంటేస్తావా?"

ఆయన వదల్లేదు, ఈయనా వదల్లేదు. ఇద్దరి మధ్యా నేను బిగుసుకుపోయాను. అప్పుడు గవర్రాజు గారు ఉప్పు అందించమన్నంత నెమ్మదిగా, "ఉత్తరీయం పట్టండి," అన్నారు. ఏమిటో అర్థం కాకుండానే చిట్టబ్బాయి గారు పట్టారు.

"ఆకులూ పళ్లూ మీవండి. పళ్లెం మాదండి."

నన్ను వంచారు. అరటిపళ్లు, ఆకులు, నోట్లు అన్నీ ఉత్తరీయంలో పడ్డాయి. ఒక వక్క దొర్లిపోతే దాన్నీ ఏరి ఇచ్చారు. చిట్టబ్బాయి గారు మూటతో మెట్లు దిగుతుంటే నాకు నవ్వాగలేదు. మేస్త్రి గారు మాత్రం నన్ను తీసుకెళ్లి గూట్లో పెట్టారు.

గవర్రాజుకు పొగరెక్కిందని ఊరంతా అనుకుంది. నిండు ముహూర్తాల రోజుల్లో మూడు వారాలు ఎవరూ గడప తొక్కలేదు. ఆయనకు భయం వేసింది. ఆ మాట మంగాయమ్మతో పైకే అన్నారు. చిట్టబ్బాయి గారు వేరే మేస్త్రిని కుదుర్చుకున్నారు. అక్కడా పళ్లెం ఆ మేస్త్రి ఇంటిదేనట.

మిల్లు తెరిచిన రోజున మా ఇంట్లో పని లేదు. సూరమ్మ గానుగ నూనె తెచ్చుకుని, వద్దంటున్నా వినకుండా పొయ్యి వెలిగించింది. గవర్రాజు గారిని పీట వేసి కూర్చోబెట్టింది. విస్తరి లేకపోతే గూట్లోంచి నన్నే తీసి ఆయన ముందు పెట్టింది. బూరె వేసి, చిల్లు పొడిచి, నెయ్యి పోసింది. ముప్పై ఏళ్లుగా వేల మందికి వడ్డించిన మనిషి వేడి బూరె తినడం అదే మొదటిసారి. వంటవాడి వంతు ఎప్పుడూ చల్లారాకే వస్తుంది. నోరు కాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు కాలినందుకేనన్నారు.

"ఇంకోటెయ్యమంటారాండీ?" అంది సూరమ్మ.

వద్దనడం ఆయనకింకా పూర్తిగా పట్టుబడలేదు. నన్ను ముందుకు జరిపారు.