ఆషాఢంలో పొంగిన పాలు

వంటగది మీద స్లాబు కారకుండా చూడాలి.
దొడ్లో సెప్టిక్ ట్యాంకుకు మూత వేయాలి.
స్నానాల గదికి తలుపు బిగించాలి.
మేడమెట్లకు పిట్టగోడ కట్టాలి.
వెనక గదిలో గచ్చు చేయాలి.
కరెంటు మీటరు పెట్టించాలి.

ఇవి మా కొత్త ఇంటికి మిగిలిపోయిన పనులు. తొంభై ఒకటో సంవత్సరం వేసవి నుంచి ప్రతి ఆదివారం గుడిలో ఆరాధన అయిపోగానే ఈ జాబితాను రాఘవయ్య గారికి అప్పజెప్పేదాన్ని. ఆయన శ్రద్ధగా వినేవారు. కొన్నాళ్ళకు నేను రెండోది చెబుతుండగానే మూడోది ఆయనే అందించడం మొదలుపెట్టారు. జాబితా ఇద్దరికీ కంఠతా వచ్చింది గాని ఒక్క పనీ జరగలేదు.

రాఘవయ్య గారు తెనాలి నుంచి అంగలకుదురు వెళ్ళే దారిలో పొలం కొని, ప్లాట్లు వేసి, ఒకే వరసలో నాలుగిళ్ళు కట్టి అమ్మారు. మూడోది మాది. మా నాన్న బర్నబాస్ భట్టిప్రోలులో నాట్లకూ కోతలకూ వెళ్ళి నన్ను చదివించాడు. మా ఇంట్లో బి.కాం. చదివింది నేనే మొదలు. బాపట్లలో ఉద్యోగం వచ్చాక ఆఫీసులో అప్పు పెట్టి ఇల్లు కొనడానికి దిగాను. అప్పటిదాకా అమ్మకూ నాన్నకూ నాకూ తెనాలిలో అద్దె గది. నేను రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి వచ్చేదాన్ని.

పునాదికి కొంత, స్లాబుకు కొంత, అలా డబ్బు కట్టుకుంటూ వచ్చాం. ఆఖరి కిస్తీ పన్నెండు వేలు మిగిలింది. ఒప్పందంలో దాని గురించి రాఘవయ్య గారు ఇలా రాయించారు: "తుది కిస్తీ గృహప్రవేశము నాడు చెల్లించవలెను. గృహప్రవేశము పిమ్మట మిగులు పనులకు బిల్డరు బాధ్యుడు కాడు." నేను చదివే సంతకం పెట్టాను. గృహప్రవేశమంటే ఇల్లు పూర్తయి కాపురం పెట్టే రోజని అనుకున్నాను. మా వాళ్ళలో ఆ మాట వాడం. గృహప్రతిష్ఠ అంటాం. అర్థం ఒకటేగా, మాట తేడా అంతే కదా అనుకున్నాను.

ఇప్పుడు తాళం ఆయన దగ్గర, పన్నెండు వేలు నా దగ్గర. ఆ డబ్బు ఇచ్చేస్తే ఆ తర్వాత ఆయన చేత ఒక్క ఇటుక కూడా పెట్టించలేనని నాకు తెలుసు. ఎందుకంటే రెండో ఇంటి నాగేశ్వరమ్మ గారిని చూస్తూనే ఉన్నాను. ఆవిడ భర్త వెంకట సుబ్బయ్య గారు పెళ్ళిళ్ళకు వంట చేస్తారు. వాళ్ళు మొత్తం సొమ్ము కట్టేసి ఇంట్లో చేరారు. రిజిస్ట్రేషను మాత్రం కాలేదు. మా స్థలమైతే ఆఫీసు అప్పు కోసం ముందే రిజిస్టరు అయింది. "దసరా వెళ్ళనివ్వండి", "సంక్రాంతి వెళ్ళనివ్వండి" అని రాఘవయ్య గారు పండగలన్నీ వాళ్ళ చేత లెక్కపెట్టిస్తున్నారు.

ఆ జూలైలో మా పాస్టరు లూకా గారికి నిజాంపట్నం బదిలీ అయింది. అమ్మ పట్టుబట్టింది.

"ఆయన వెళ్ళిపోయేలోగా మనింట్లో ఒక ప్రార్థన చేయిద్దామే కరుణా."

"ఇల్లు అవలేదు కదమ్మా."

"అవకపోతే ఏమైంది? ఇది ప్రతిష్ఠ కాదు, కృతజ్ఞత కూడిక. నీ కాలేజీ ఫీజుకి ఆయన నలుగుర్నీ అడిగిన రోజులు మర్చిపోయావేంటి?"

మర్చిపోలేదు. అందుకే రాఘవయ్య గారిని ఒక్క సాయంత్రానికి తాళం అడిగాను. ఆయన ఇంత సులువుగా ఏదీ ఇచ్చిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం నవ్వుతూ ఇచ్చారు. "నేనూ వస్తానమ్మాయ్. దేవుడు ఎవరికైనా దేవుడే" అన్నారు.

వచ్చారు కూడా. గచ్చులేని గదిలో చాప మీద అందరితో పాటు కూర్చున్నారు. లూకా గారి ప్రార్థన ముగియగానే అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నారు. పులిహోర రెండోసారి వేయించుకున్నారు. నాగేశ్వరమ్మ గారు మా అమ్మకు సాయంగా వచ్చి, వాళ్ళింటి నుంచి కిరసనాయిలు స్టవ్వు తెచ్చి కాఫీకి పాలు పెట్టారు. బయట వాన. స్లాబులోంచి నీళ్ళు సరిగ్గా స్టవ్వు పక్కనే కారుతున్నాయి. ఆవిడ బకెట్టు జరిపేలోగా పాలు పొంగి మంట ఆరిపోయింది. అందరం నవ్వాం. రాఘవయ్య గారు వంటగది గుమ్మం దాకా వచ్చి తొంగి చూసి, "పొంగినయ్యా? శుభం" అన్నారు. ఆ శుభం ఎవరికో నాకు అప్పుడు తట్టలేదు.

మరుసటి ఆదివారం నేను జాబితా మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపారు.

"అవన్నీ ఇంక నాకు చెప్పకమ్మాయ్. గృహప్రవేశం అయిపోయింది. పన్నెండు వేలు ఎప్పుడు తెస్తావు?"

"గృహప్రవేశం ఎప్పుడైందండి?"

"నలుగురూ వచ్చారు, మీ పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, భోజనాలైనై, పాలు కూడా పొంగినై. ఇంకేం కావాలి?"

"అది కూడికండి. ఒక్క పూట తాళం ఇచ్చి మళ్ళీ తీసుకున్నారు. అందులో మేం ఒక్క రాత్రి పడుకోలేదు."

"పడుకోవాలని రాయలేదుగా. బీకాం చదివినమ్మాయివి, కాగితం చదువుకోలేదా?" అని, నా పక్కన నిలబడ్డ నాన్న వైపు తిరిగారు. "ఏం బర్నబాసూ, పిల్లకు చదువైతే చెప్పించావు గాని లౌక్యం చెప్పించలేదే."

దారిలో నాన్న, "ఇచ్చేద్దాంలేమ్మా. పెద్దోళ్ళతో మనకెందుకు?" అన్నాడు. నాకు రాఘవయ్య గారి మీద వచ్చిన కోపం కన్నా నాన్న మీద వచ్చిన కోపమే ఎక్కువ.

ఆ తర్వాత రెండు నెలలు నేను తిరగని చోటు లేదు. తెనాలిలో ఒక ప్లీడరు గారు ఒప్పందం చదివి, కోర్టుకు వెళితే గెలవచ్చుననీ, తీర్పు వచ్చేసరికి ఇంటికి మళ్ళీ సున్నం వేయాల్సి వస్తుందనీ చెప్పి ఫీజు తీసుకున్నారు. మేము ఉంటున్న అద్దె గది యజమాని తన కొడుకు పెళ్ళని ఖాళీ చేయమన్నాడు. రాఘవయ్య గారు ఒకరోజు బాపట్లలో మా ఆఫీసుకే వచ్చారు. మా సూపరింటెండెంటు గారి బల్ల ముందు నిలబడి, "ప్రార్థనలు చేయించుకుని డబ్బు ఎగ్గొట్టే మనుషులకు అప్పులెట్లా ఇస్తారండి?" అని అందరికీ వినబడేలా అడిగారు. నేను జవాబు చెబుదామని లేచాను. లేచినదాన్ని ఫైలు తీసుకుని బీరువా వైపు నడిచాను. ఆ సాయంత్రం రైల్లో చెప్పాల్సిన జవాబులన్నీ వరసగా వచ్చాయి. వినేవాళ్ళు లేరు.

చివరికి ఆయనే పెద్దమనుషుల్లో పెడదామన్నారు. పెద్దమనిషి ముత్తయ్య గారు. ఆయనకు తెనాలిలో కలప అడితి ఉంది. రాఘవయ్య గారు తలుపులకూ కిటికీలకూ కర్ర కొనేది అక్కడే. ఈ సంగతి తెలిసీ వెళ్ళాను. వెళ్ళకపోతే తప్పు మాదే అంటారు.

అడితిలో దుంగల మధ్య కుర్చీలు వేశారు. నాన్న కూర్చోలేదు. నేను కూర్చున్నాను. రాఘవయ్య గారు కూడిక సంగతంతా ఒక్క అబద్ధం లేకుండా చెప్పారు. అదే నాకు మంటగా ఉంది. జరిగినవన్నీ జరిగినవే, పేరొక్కటే ఆయన పెట్టింది.

"సాక్ష్యం ఉందా?" ముత్తయ్య గారు అడిగారు.

"నాగేశ్వరమ్మ గారిని రమ్మన్నానండి. పాలు పొయ్యి మీద పెట్టింది ఆవిడే." ఆవిడ వస్తూండగానే రాఘవయ్య గారు మామూలు మాటలాగా కలిపారు: "ఆవిడ రిజిస్ట్రేషను కూడా వచ్చే వారమే పెట్టాను లెండి."

ఆవిడ స్థానంలో నేనున్నా ఏం చెబుతానో నాకు తెలుసు అనుకున్నాను. రెండేళ్ళుగా ఆ కాగితం కోసమే తిరుగుతోంది ఆవిడ.

"ఏమ్మా, పాలు పొంగినయ్యా?" అన్నారు ముత్తయ్య గారు.

"పొంగినై అన్నయ్య గారూ. సగం నేలపాలు."

"విన్నారుగా," అన్నారు రాఘవయ్య గారు.

"ఉండండి. పొంగినై అన్నాను గాని పొంగించాననలేదు. కాఫీకని పెట్టాను. పైనుంచి నీళ్ళు కారతంటే బకెట్టు జరుపుతున్నాను, ఇంతలో పొంగినై. మా ఇంట్లో వారానికి రెండుసార్లు పొంగుతై. ఆ లెక్కన నేను ఏడాదికి వంద గృహప్రవేశాలు చేస్తన్నాను."

రంపం దగ్గరి కూలీలు నవ్వారు. ముత్తయ్య గారు వాళ్ళ వైపు చూసి, తానూ మీసాల్లో నవ్వుకున్నారు.

"అసలది ఆషాఢమండి," ఆవిడ రాఘవయ్య గారి వైపు తిరిగింది. "ఆషాఢంలో మీరు గునపం కూడా ముట్టనివ్వరు కదా. మా ఇంటికి ద్వారబంధం నిలబెట్టమని మేం బతిమాలితే నెల్లాళ్ళు ఆపించారు. అట్లాంటి మీరు ఆషాఢంలో గృహప్రవేశానికి వచ్చి పులిహోర తిన్నారా?"

"వాళ్ళకి ఆషాఢమేంటమ్మా?" ముత్తయ్య గారు అందుకున్నారు. "కిరస్తానీ వాళ్ళు కదా."

"ఆషాఢం లేనోళ్ళకి గృహప్రవేశం మాత్రం ఎక్కడిదండి? ఉంటే రెండూ ఉండాలి. లేకపోతే రెండూ లేవు."

రంపం ఆగి ఉంది కాబట్టి ఆ మాట అడితి అంతా వినబడింది. రాఘవయ్య గారు నాగేశ్వరమ్మ గారి మొహం చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆఫీసులో నా వైపు చూసింది కూడా అలాగే.

"మరి మీ వాళ్ళలో ఏమంటారు?" ముత్తయ్య గారు నన్నడిగారు.

"గృహప్రతిష్ఠ అంటామండి. ఇల్లు పూర్తయ్యాక చేస్తాం."

అప్పటిదాకా నోరు విప్పని నాన్న, "ఇల్లు అవలేదండి బాబుగారూ," అన్నాడు. "వంటగది కారతంది."

పెద్దమనుషుల తీర్పులో ఎవరికీ పూర్తి న్యాయం దొరకదు. స్లాబు, మూత, తలుపు, మీటరు రాఘవయ్య గారు చేయించాలనీ, పిట్టగోడా గచ్చూ మా ఖర్చుతో మేము చేయించుకోవాలనీ, పనులయ్యాకే పన్నెండు వేలు ఇవ్వాలనీ చెప్పారు ముత్తయ్య గారు. పిట్టగోడ మా మీదికి ఎందుకు వచ్చిందని అడిగాను. "అంతా నీకే కావాలంటే ఎట్లమ్మా?" అన్నారు. పిట్టగోడ లేని మెట్ల మీద అమ్మ ఏడాది పాటు గోడకు ఆనుకుని ఎక్కింది. క్రిస్మస్ లోగా ఇంట్లో చేరాం. స్లాబు ఆ ఏడు కారలేదు. మరుసటి ఏడు కొద్దిగా కారింది.

నాగేశ్వరమ్మ గారి రిజిస్ట్రేషను ఆ వచ్చే వారం జరగలేదు. అడగడానికి వెళితే రాఘవయ్య గారు, "మంచి రోజులు చూడాలి కదమ్మా, పంచాంగం నీకే బాగా తెలుసుగా" అన్నారట. నేను ఆవిడను తీసుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను. అర్జీలు నేనే రాశాను. ముత్తయ్య గారి దగ్గరికీ మళ్ళీ వెళ్ళాను. "అది వేరే తగువమ్మా, నీది తీరిందిగా" అన్నారు. తొంభై నాలుగులో ఆ పొలం పాత యజమాని వారసులు వచ్చి, రాఘవయ్య గారు పొలాన్ని తన పేర రాయించుకోనేలేదనీ, రిజిస్టరు కాని స్థలం తమదేననీ అన్నారు. రాఘవయ్య గారు అప్పటికి గుంటూరులో అపార్టుమెంట్లు కడుతున్నారు. వారసులు చేతిలో పెట్టిన కొద్ది సొమ్ము తీసుకుని నాగేశ్వరమ్మ గారు, సుబ్బయ్య గారు రేపల్లెలో అద్దెకు వెళ్ళిపోయారు.

ఒక సెలవురోజు రేపల్లె రైలెక్కి చూడ్డానికి వెళ్ళాను. ఒకే గది, ముందు రేకుల వసారా. ఆవిడ దిబ్బరొట్టె పెట్టింది. నాకు మింగుడు పడలేదు.

"ఆ రోజు నాకేం గుర్తులేదన్నా సరిపోయేది కదండి," అన్నాను.

"సరిపోయేది. మీ సుబ్బయ్య బాబాయి గారు ఇప్పటికీ అదే అంటారు."

"మీకు బాధగా లేదా?"

"ఎందుకుండదే? ఇల్లు పోయింది. ఇక్కడ ఇంటావిడ సాయంత్రం ఆరు దాటితే మోటారు వెయ్యనివ్వదు. నష్టపోయాను కాబట్టి నష్టపోయాననే చెబుతాను. బాగానే ఉందని నీ కోసం అబద్ధం ఎందుకాడాలి?" అని, "రొట్టె చల్లారిపోతంది, తిను" అంది.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. అందుకు నేను ఆవిడకు రుణపడే ఉన్నాను.

ఇప్పుడా రెండో ఇంట్లో ఎవరో ఉంటున్నారు. మంచివాళ్ళే. ఆ ఇల్లు అంతకు ముందు ఎవరిదో వాళ్ళకు తెలియదు. దస్తావేజులో చూస్తే పాత యజమాని పేరు, తర్వాత వాళ్ళ పేరు ఉన్నాయి. మధ్యలో ఎవరూ లేరు. మొత్తం సొమ్ము కట్టి, గడపకు పసుపు రాసి, అందులో కాపురం చేసిన మనిషి పేరు ఏ కాగితంలోనూ ఎక్కలేదు. నేను రాసిన అర్జీలేవీ ఆ పని చేయలేకపోయాయి. ఇక మిమ్మల్నే అడుగుతున్నాను. తెనాలి నుంచి అంగలకుదురు వెళ్ళే దారిలో ఆ వరసలో రెండో ఇల్లు నాగేశ్వరమ్మ గారిది. దయచేసి ఆవిడ పేరు గుర్తుపెట్టుకోండి.